తగిలిందా, తగల్నేదా

మే నెల సాయంత్రాల్లో శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో ఐదు దాటితే గానీ ఇసుక కాలు పెట్టనివ్వదు. చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. పొద్దు వాలేకొద్దీ వాటి నీడలు సముద్రం వైపు సాగుతాయి. కెరటం తాకి వెళ్ళిన చోట, అడుగు దిగబడనంత గట్టిగా ఉన్న ఇసుక మీద కర్రతో గీతలు గీసి కుర్రాళ్ళు చెడుగుడు ఆడతారు. ఒక సాయంత్రం కూతకి వెళ్ళిన కుర్రాడు అటూ ఇటూ రెండు చుట్లు తిరిగి, ఎవరినీ తాకలేదనుకుని నడిగీత దాటి వెనక్కి వచ్చేశాడు. అవతలి జట్టు కూడా ఊపిరి పీల్చుకుంది. ఇంతలో మూల మీద నిలబడ్డ పదిహేడేళ్ళ కుర్రాడు చెయ్యెత్తి, బరి దాటి వెళ్ళి బోటు పక్కన కూర్చున్నాడు. సొంత జట్టువాళ్ళే అరిచారు: "తగల్నేదు కదరా!" వాడు తల అడ్డంగా ఊపాడు. "తగిల్నాది బావా. బనీను అంచుకి."

అంతే. ఆట ముందుకి సాగిపోయింది. చూస్తున్న ఈ వ్యాసకర్త మాత్రం అక్కడే ఆగిపోవలసి వచ్చింది. ఆ తగలడం ఎవరూ చూడలేదు. కూత పెట్టినవాడికే తెలియదు. బనీను అంచు మీద ఏ గుర్తూ లేదు. మరి వాడెందుకు చెప్పాడు? చెప్పకుండా నిలబడి ఉంటే ఏం పోయేది? ప్రశ్న చిన్నదే. చెప్పులో దూరిన ఇసుకలా టెక్కలి చేరేదాకా గుచ్చుతూనే ఉంది.

ఇంతగా గుచ్చుకోవడానికి కారణం ఉంది. అంతకు కొన్ని వారాల ముందు హైదరాబాద్ శివారులో ఒక రిసార్టులో, బంధువుల కుర్రాడి ఆఫీసువాళ్ళు, తుపాకులతో రంగు గుండ్లు కాల్చుకునే పెయింట్‌బాల్ ఆడుతుంటే వల బయట కూర్చుని చూసే అవకాశం వచ్చింది. అక్కడ గుర్తు గురించి అనుమానమే అక్కర్లేదు. గుండు పగిలితే నారింజ రంగు వీపు మీద, భుజం మీద పూసుకుంటుంది. దూరం నుంచి చూసినవాడికి కూడా ఎవడు అవుటో తెలుస్తుంది. అయినా ఒక పాత డ్రమ్ము వెనక నక్కిన ఒకాయన మోచేతి మీద పడ్డ రంగుని అరచేత్తో తుడిచి, ఆ చేతిని ప్యాంటుకి రాసుకుని, మళ్ళీ గురిచూడటం వల బయటి నుంచి స్పష్టంగా కనబడింది. సాక్ష్యం ఉన్నచోట తుడిచేసుకున్నాడు ఒకడు. సాక్ష్యమే లేనిచోట చెయ్యెత్తాడు ఇంకొకడు. పల్లె మంచిది, పట్నం చెడ్డది అనేసి ఊరుకుంటే తేలిగ్గా తెమిలిపోయేది. కానీ అది నిజం కాదు. రిసార్టులో ఆ రోజు కూడినవాళ్ళని జట్టు అనలేం. వాళ్ళు ఒక్క మధ్యాహ్నానికి మాస్కులు, తుపాకులు అద్దెకి తీసుకున్నవాళ్ళు. పెయింట్‌బాల్‌నే ప్రాణంగా ఆడే అమెచ్యూర్ జట్ల సంగతి వేరు. ఆ ఆట పుట్టుక తెలుసుకుంటే భావనపాడు కుర్రాడు ఇంకొంచెం అర్థమవుతాడేమో అనిపించింది.

మొదట్లో ఆ తుపాకీ ఆటవస్తువు కాదు. అమెరికా అడవుల్లో నరకవలసిన చెట్లకి దూరం నుంచి గుర్తు పెట్టడానికి, మందలో ఫలానా పశువు ఇదని తెలియడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మిన పనిముట్టు. దాని పేరు నెల్‌స్పాట్ 007. రచయిత చార్లెస్ గెయిన్స్‌కీ, అతని స్నేహితుడు, షేర్ల వ్యాపారి హేస్ నోయెల్‌కీ మధ్య ఒక వాదన నలుగుతుండేది. అడవిలో వదిలేస్తే నెగ్గుకొచ్చేది నగరంలో రాటుదేలినవాడా, పల్లెలో పెరిగినవాడా అని. ఆ వాదన తేల్చుకోవడానికి బాబ్ గర్న్‌సీతో కలిసి నియమాలు రాసుకున్నారు. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో పన్నెండుమంది ఆ పనిముట్లు పట్టుకుని దిగారు. ఎవరికి వారే పోటీ. అడవిలో నాలుగు చోట్ల ఉన్న జెండాలు సేకరించుకుని బయటపడాలి. గెలిచినవాడు రిచీ వైట్, అడవి పని తెలిసిన మనిషి. ఒక్క గుండు కూడా పేల్చకుండానే నెగ్గాడు. ప్రపంచమంతా తుపాకుల ఆటగా ఎరిగిన ఆట తొలి విజేత తుపాకీ వాడనే లేదన్న సంగతి చదివినప్పుడు, ఈ వ్యాసకర్తకి ఎందుకో మనసు తేలికపడింది.

అప్పటి గుండ్లలో నూనె రంగు ఉండేది. మరక పోవాలంటే టర్పెంటైన్ కావాల్సి వచ్చేది. తర్వాత జెలటిన్ పొరలో నీటితో పోయే రంగు నింపడం మొదలైంది. మందుల షాపులో దొరికే మెత్తటి క్యాప్సూల్ లాంటిదే అది. అంగుళంలో 0.68 వంతు మందం. మైదానాల్లో సెకనుకి 300 అడుగుల వేగం మించనివ్వరు. మాస్కు లేకుండా లోపలికి రానివ్వరు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. నీటితో పోయే రంగు వచ్చిందంటే, అరచేత్తో పోయే రంగు వచ్చినట్టే కదా? ఆట సుఖమైంది, దానితోపాటే దొంగతనమూ సుఖమైంది. అందుకే ఆ జట్ల లోకంలో ఓడినవాడిని ఎవరూ చిన్నచూపు చూడరు గానీ, తుడుచుకున్నవాడిని క్షమించరు. వాళ్ళకంటూ ఒక భాష ఉంది. తుపాకీ అనరు, మార్కర్ అంటారు. వీపు మీద తగిలిందో లేదో కనబడకపోతే 'పెయింట్ చెక్' అని కేక వేసి రిఫరీని పిలుస్తారు. తగిలిన గుండు పగలకుండా ఎగిరిపోతే అవుట్ కాదు. పగిలితే మార్కర్‌ని తల మీదికి ఎత్తి పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నడిచి, అవుటైనవాళ్ళ జాగాకి వెళ్ళిపోవాలి. జట్టులో కొత్తగా చేరినవాడికి గురి చూడటం తర్వాత నేర్పుతారు. ముందు నేర్పేది ఆ చేతులెత్తి నడవడమే.

చెడుగుడులో రంగు లేదు. అదే దాని చిక్కు, అదే దాని అందం. మునివేలు తగిలిందా, గాలి తగిలిందా? చర్మానికి మాత్రమే తెలిసే సంగతి. నియమాల పుస్తకం ప్రకారం వేసుకున్న బట్టకి తగిలినా తగిలినట్టే. అంటే ఆ కుర్రాడు పుస్తకం ప్రకారమే నడుచుకున్నాడు. పుస్తకం చదివి ఉంటాడని కాదు, ఆ తీరంలో ఆ మాట నోటి నుంచి నోటికి వచ్చినదే అయి ఉంటుంది.

మన దేశంలో ఈ ఆటకి పాతకాలం నుంచి మూడు పద్ధతులు ఉన్నాయి. అమర్ పద్ధతిలో తగిలినవాడు బయటికి పోడు, అవతలివాళ్ళకి పాయింటు మాత్రం వస్తుంది. గామినీలో బయటికి పోయినవాడు జట్టంతా అయిపోయేదాకా తిరిగి రాడు. సంజీవనిలో అవతలివాళ్ళు ఒకడు అవుటైతే మనవాడొకడు లేచి వస్తాడు, ముందు పోయినవాడు ముందు. ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో ఆడేది ఈ మూడోదే. పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, జట్టుకి ఏడుగురు, ముప్పై సెకన్ల కూత అన్నవి ఇప్పటి లెక్కలు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లోకి ఎక్కింది కూడా ఈ సంజీవనే. అంతకు ముందే 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి (మహారాష్ట్రలోది) హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలి వాళ్ళు దీన్ని ప్రదర్శించి వచ్చారు. ఈ చరిత్రలో ఈ వ్యాసకర్తని నిలబెట్టేసింది మాత్రం పేరే. అవుటైనవాడు లేచి రావడానికి సంజీవని అని పేరు పెట్టినవాళ్ళు ఎవరో గానీ, గీత పక్కన మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్న కుర్రాళ్ళని చాలాకాలం చూసి ఉంటారు.

భావనపాడు లాంటి ఊరి జట్టుకి ఆ కూర్చోవడం ఆటతో ముగిసేది కాదు. సంతబొమ్మాళి మండలంలోని ఈ తీరం నుంచి మొదలుపెట్టి ఉద్దానం పొడవునా, ఇటు విజయనగరం తీరం దాకా, చేతికి అందొచ్చిన కుర్రాళ్ళలో ఎంతమంది ఊళ్ళో ఉంటారన్నది నెలని బట్టి మారుతుంది. వానాకాలంలో గుజరాత్ వెళ్ళి వెరావల్ బోట్లెక్కుతారు కొందరు. చెన్నై పోతారు మరికొందరు. వేసవికి తిరిగొస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంట్లో డబ్బుకి ఇబ్బందిపడే కాలం కూడా అదే. ఆ రెండు నెలలకి ప్రభుత్వమిచ్చే భృతి 2025లో పదివేల నుంచి ఇరవైవేల రూపాయలయింది. జట్టు నిండుగా ఉండేది కూడా ఆ 61 రోజులే. మిగతా కాలంలో నలుగురే మిగలవచ్చు, అయిదుగురు ఉండొచ్చు. పక్క వీధి నుంచి ఇద్దర్ని తెచ్చుకుంటారు. అయినా ఎవడి జాగా వాడిదే. ఎడమ మూల ఫలానావాడిది అంటే, వాడు అరేబియా సముద్రం మీద ఉన్నా సరే ఆ మూల వాడిదే. అక్కడ తాత్కాలికంగా నిలబడ్డవాడు, వాడు వచ్చేదాకే నిలబడతాడు. ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు.

వెళ్ళినవాళ్ళందరూ వేళకి రారు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. ఏడాదికి పైగా జైల్లో గడిపి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు ఇరవైమంది. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఆ కథే. సముద్రం మీద దేశాల గీత కంటికి కనబడదు. దాటామో లేదో దాటినవాడికే తెలియదు. ఇసుక మీద కర్రతో గీత గీసి, దాని మీద కాలి బొటనవేలు పడిందా లేదా అని అరగంట వాదించుకునే కుర్రాళ్ళని చూసినప్పుడు ఆ సంగతి గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చాక ఆ వాదన చిల్లర వాదనగా కనబడదు.

వాదనలకేం, బోలెడు. ఊరి జట్టు అంటేనే సగం వాదన. సంక్రాంతికి పక్క ఊరు పోటీ పెడితే ఎంట్రీ ఫీజు ఎవరు కట్టాలి, జెర్సీల వెనక ఏ పేర్లు వేయించాలి, అసలు పేరా, ఊళ్ళో పిలిచే పేరా? (చివరికి ఎప్పుడూ పిలిచే పేరే గెలుస్తుంది.) ఒకే ఆటోలో పదిమంది ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని నౌపడా ఉప్పుమడుల మీదుగా పోవడం, దారిపొడవునా తెల్లటి ఉప్పు కుప్పల్ని చూసి మోకాలి గాయం మండినట్టు మొహం పెట్టడం, ఓడి తిరిగొచ్చే దారిలో ఎవడూ మాట్లాడకపోవడం, ఊరి మొగలో ఎవడో ఒకడు "నాదే తప్పురా" అనేసరికి అందరూ ఒక్కసారి మీదపడి వాడిని కాదనడం. మోకాలి పట్టీ ఒక్కటే ఉంటుంది, ఇద్దరు పంచుకుంటారు. ఆడనివాడు ఒకడు ఉంటాడు ప్రతి జట్టుకీ. వాడు నీళ్ళ సీసాలు మోస్తాడు, చెప్పులకి కాపలా ఉంటాడు, అందరికంటే గట్టిగా అరుస్తాడు. వాడు లేని రోజున జట్టుకి ఏదో కొరతగా ఉంటుంది. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'ఆడుదాం ఆంధ్రా' పోటీల్లో కబడ్డీ కూడా ఉండటంతో ఊరూరా జట్లకి ఒక జాబితా, ఒక వరస వచ్చాయి. కొన్నాళ్ళు సందడి. తర్వాత మళ్ళీ కర్ర, ఇసుక, గీత.

అమ్మాయిల మాట ఎత్తకుండా పోవడం న్యాయం కాదు. ఈ జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, 2000 సెప్టెంబరులో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు శ్రీకాకుళం స్టేడియానికి ఉంది. బలం అనే మాటకి ఈ నేల మీద కొదవలేదు. అయినా సాయంత్రం తీరం మీద గీసిన బరిలో అమ్మాయిలు కనబడరు. బళ్ళో ఆడతారు, బాగా ఆడతారు. పదో తరగతి దాటాక ఆ కూత వినబడదు. వాళ్ళని ఎవరో తాకి అవుట్ చేయలేదు. బరి వాళ్ళది కాదని ఎవరూ పైకి అననూ లేదు. సంజీవని ఎవరికైనా అవసరమైతే, ముందు వాళ్ళకే.

మళ్ళీ ఆ కుర్రాడి దగ్గరికి రావాలి. వాడిది నిజాయితీయేనా? లేక ఊళ్ళో ఉండటమే అంతటిదా? అవతలి జట్టులో ఉన్నవాడూ వాడికి బావే. రేపు జూన్ 15 తెల్లవారితే ఇద్దరూ ఒకే బోటు ఎక్కొచ్చు. పడ్డ చేపని వాటాలు వేసుకునేచోట, చీకట్లో వల తాడు ఎవడి చేతిలో ఉందో వాడిని నమ్మాల్సినచోట, బనీను అంచు దగ్గర అబద్ధం ఆడినవాడి మాటకి ఆ తర్వాత విలువ ఎంత? అలా ఆలోచిస్తే వాడు చెయ్యెత్తడంలో గొప్పతనం కంటే అవసరమే ఎక్కువ కనబడుతుంది. కానీ ఆ లెక్క కూడా పూర్తిగా కుదరదు. చెయ్యెత్తడానికి వాడికి పట్టింది రెప్పపాటు. అంతలో ఎవడూ బావని, బోటుని, వాటాని తలుచుకోడు. తలుచుకోకుండానే చెయ్యి లేచిందంటే ఆ తలపులన్నీ ఎప్పుడో చేతిలోకి దిగిపోయి ఉండాలి.

ఈ వ్యాసకర్త చెయ్యి అలా లేవలేదు ఒకసారి. తొమ్మిదో తరగతిలో, రెండు బళ్ళ మధ్య జరిగిన ఆటలో, చివరి కూతలో అవతలివాడి వేళ్ళు మడమకి తగిలాయి. చల్లటి వేళ్ళు. ఆ చలువ ఇప్పటికీ మడమకి తెలుసు. రిఫరీ చూడలేదు, తగిలించినవాడికి నమ్మకం కుదరలేదు, వీడు కదలలేదు. జట్టు గెలిచింది. భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. పైనుంచి చూస్తే అవతలివాడు తన వేళ్ళని తనే చూసుకుంటూ నిలబడి ఉన్నాడు, తప్పు వాటిదే అన్నట్టు. నలభై ఏళ్ళయింది. ఆ కుర్రాడి పేరు కూడా తెలియదు. హైదరాబాద్‌లో డ్రమ్ము వెనకాయన మోచెయ్యి తుడుచుకోవడం అంత స్పష్టంగా కనబడటానికి కారణం కళ్ళు మంచివై కాదు.

ఇప్పుడు ఆటలోకి కొత్త రంగు వస్తోంది. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక, తెలుగు టైటాన్స్ విశాఖలో ఆడటం చూశాక, తీరం మీద కుర్రాళ్ళు కూడా చేతులతో సైగ చేసి 'రివ్యూ' అంటున్నారు. టీవీలో రివ్యూ అడిగితే కెమెరాలు వెతుకుతాయి. ఇక్కడ బోటు అంచు మీద కూర్చున్న ఒకడు ఫోనులో తీసిన వీడియోని నెమ్మదిగా నడిపిస్తాడు. పద్నాలుగు తలలు ఆ చిన్న తెర మీద వాలతాయి. ఎండకి తెర కనబడక ఒకడు చొక్కా విప్పి గుడారంలా పడతాడు. తగిలిందని తెర చెబితే అవుట్. చెప్పకపోతే? ఈ వ్యాసకర్త భయం అక్కడే ఉంది. పెయింట్‌బాల్‌లో మరక ఉన్నందుకే తుడుచుకోవడం పుట్టింది. ఫోను చూసుకుంటుందిలే అనుకున్న చెయ్యి, నెమ్మదిగా తనంతట తాను లేవడం మరిచిపోతుందా? ఏమో. ఇంత చిన్నదానికి ఇంత భయపడనక్కర్లేదని కూడా అనిపిస్తుంది. తెర ముందు తలలు వాలినప్పుడు వాళ్ళు నవ్విన నవ్వులో అనుమానం లేదు మరి.

బరి కూడా ఎన్నాళ్ళు అక్కడే ఉంటుందో చెప్పలేం. మొదట భావనపాడు పేరుతోనే అనుకున్న ఓడరేవుకి పక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రాళ్ళు మోసే లారీలు, కొత్త రోడ్లు, కొత్త ఉద్యోగాల మాటలు. ఓడరేవు వస్తే వెరావల్ పోనక్కర్లేదని ఆశపడేవాళ్ళున్నారు, అది మంచి ఆశ. తీరం తమకి ఎంత మిగులుతుందని బెంగపడేవాళ్ళూ ఉన్నారు, అదీ నిజమైన బెంగే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన నేల ఇది. మార్పు ఇక్కడివాళ్ళకి కొత్త కాదు.

ఆ సాయంత్రం ఆట ఇంకా మిగిలే ఉంది. చెయ్యెత్తిన కుర్రాడి తర్వాత వాడి జట్టులో ఒకరి వెనక ఒకరు అయిదుగురు బయటికి వచ్చేశారు. బోటు పక్కన వరసగా ఆరుగురు. బరిలో ఒక్కడే మిగిలాడు, అందరికంటే పొట్టివాడు. వాడు కూడా పోతే జట్టంతా పోయినట్టే, అవతలివాళ్ళకి ఇంకో రెండు పాయింట్లు. వాడు ఒకడిని తాకి వస్తే ఒకడు లేస్తాడు. ముందు పోయినవాడు ముందు కాబట్టి, లేచేది బనీను కుర్రాడే. పొట్టివాడు వంగి ఇసుక తీసి అరచేతులు రుద్దుకున్నాడు, నడిగీత దాటాడు, కూత అందుకున్నాడు. వరసలో మొదట ఉన్న కుర్రాడు మోకాళ్ళ మీది ఇసుక దులుపుకుని, ఒక కాలు ముందుకి పెట్టి, గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలు గీత మీద పడింది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: "కాలు ఎనక్కి తియ్యిరా."

తీశాడు.